ముగిసే లోకం ఎవరిది?

ఈ రాత్రే ప్రభువు రావచ్చునని మనసారా నమ్మే మనిషి ఇరవై ఏళ్ల గృహరుణానికి సంతకం పెట్టవచ్చా? మా దూలపల్లి అపార్టుమెంట్లలో నెలకోసారి జరిగే ఇంటి కూడికలో కూర్చున్నప్పుడల్లా నాకీ ప్రశ్న వస్తుంది. ప్రార్థన విన్నపాల్లో ముందు ఫ్లాటు రిజిస్ట్రేషను, అబ్బాయి వీసా, అమ్మాయి మెడిసిన్ సీటు వస్తాయి. ఆ తర్వాత అందరం కళ్లు మూసుకుని, త్వరగా రమ్మని ప్రభువును వేడుకుంటాం. రెండు విన్నపాలూ నిజమైనవే, ఏదీ నటన కాదు. కానీ రెండూ కలిసి నెరవేరేవి కావు. ఈ చిక్కును తేలిగ్గా తీసిపారేయడం నాకిష్టం లేదు. ఆ నమ్మకంలోనే పెరిగాను, ఇవాళ్టికీ అందులోనే ఉన్నాను.

క్రీస్తు మళ్లీ వస్తాడన్నది క్రైస్తవులందరి విశ్వాసమే. కేతలిక్కులూ, సీఎస్ఐ వారూ, లూథరన్లూ ప్రతి ఆరాధనలో ఆ మాట ఒప్పుకుంటూనే ఉంటారు. మేం నేర్చుకున్న బోధ అందులో ఒక ప్రత్యేకమైన పాయ. దాని ప్రకారం దేవుడు మనిషితో నడిచిన చరిత్రంతా యుగాలుగా విడిపోయి ఉంటుంది. ఏడు యుగాలని ఎక్కువమంది లెక్క. ఇప్పుడు నడుస్తున్నది కృపాకాలం. ఇది ఏ క్షణానైనా ముగుస్తుంది. బూర మోగుతుంది, నిద్రించిన విశ్వాసులు లేస్తారు, బతికున్నవారు వారితో కలిసి మధ్యాకాశానికి ఎత్తబడతారు. విడవబడిన లోకానికి ఏడేళ్ల శ్రమలు, క్రీస్తు విరోధి ఏలుబడి, 666 ముద్ర. ఆ పైన క్రీస్తు అందరూ చూస్తుండగా దిగివచ్చి యెరూషలేము నుంచి వెయ్యేళ్లు పాలిస్తాడు. పండితులు దీన్ని డిస్పెన్సేషనలిజం అంటారు. పాలకొల్లు పక్కన మా పల్లెలో ఆ పేరు ఎవరికీ తెలియదు. రాకడ అంటే చాలు.

దీనికి ఈ రూపం ఇచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ. 1800లో పుట్టి 1882లో కన్నుమూశాడు. ఐర్లండులో విక్లో కొండల మధ్య ప్రభుత్వ చర్చి పాదిరిగా ఉండేవాడు. 1827లో గుర్రం వల్ల గాయపడి మంచం పట్టి, ఆ తీరికలో బైబిలు చదువుతూ ఈ ఆలోచనలకు దారి వేసుకున్నాడు. 1831 నుంచి 1833 వరకు పవర్స్‌కోర్టు దొరసాని భవంతిలో ప్రవచనాల మీద జరిగిన సదస్సుల్లో అవి గట్టిపడ్డాయి. అప్పటి ఐర్లండును గుర్తుపెట్టుకోవాలి. 1829లో కేతలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు వచ్చింది. తరతరాలుగా భూములనూ పదవులనూ ఏలిన ప్రొటెస్టెంటు దొరల కాళ్ల కింద నేల కదలడం మొదలైంది. డార్బీ ఆ వర్గం మనిషే. చర్చి పాడుబడిందని, అది మళ్లీ బాగుపడదని, ఇక ప్రభువు వచ్చి తనవారిని పైకి తీసుకుపోవడమే మిగిలిందని ఆయన తేల్చాడు. తన లోకం చేజారుతున్నవాడి దిగులు ఆ బోధలో నాకు వినిపిస్తుంది. ఆయన భక్తిని నేను శంకించడం లేదు. ఆయన ఏ కిటికీలోంచి ఆకాశాన్ని చూశాడో చెబుతున్నాను.

ఆ కిటికీకీ మా గోదావరి లంకలకీ మధ్య వారధి కట్టినవాడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్ పట్నంలో మంచి రాబడి ఉన్న పళ్ల వైద్యుడు. ఉన్నదంతా వదులుకోవడమే క్రైస్తవుడి దారి అని 1825లో చిన్న పుస్తకం రాసి, రాసినట్టే చేశాడు. 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదుకు వెళ్లాడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చింది, దాని వెంట వరద వచ్చింది, ఆ ప్లేగులోనే భార్య మేరీ పోయింది. 1833లో మన దేశం చూడటానికి వచ్చాడు. తిరిగి వెళ్లి, 1836లో మళ్లీ వస్తూ డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ నుంచి రెండు జంటలను వెంటబెట్టుకొచ్చాడు. విలియం బౌడెన్ రాళ్లు చెక్కే మేస్త్రి. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్లు ముందు మచిలీపట్నంలో ఉండి, తర్వాత నర్సాపురం చేరారు. గోదావరి డెల్టా మిషను అలా మొదలైంది. డార్బీ, గ్రోవ్స్ ఇద్దరూ ఉన్న బ్రదరన్ అనే ఉద్యమానికి ప్రపంచంలోనే తొలినాటి మిషన్లలో అది ఒకటి. అంటే డార్బీ వర్గం బోధ అమెరికాలో పెద్ద చర్చిలను పట్టుకోవడానికి ఎన్నో ఏళ్ల ముందే పాలకొల్లు, నర్సాపురం కాలువ గట్లకు చేరింది.

ఓడ ఎక్కబోయే ముందు, 1836 మార్చి 10న, గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. ఇతర క్రైస్తవులలోని తప్పుల నుంచి వేరుపడటమే ముఖ్యమనుకునే వైపు మీరు జారుతున్నారు, నేనైతే వారి తప్పులను భరించైనా వారి మంచితో కలిసి ఉంటాను అన్నది దాని సారం. పన్నెండేళ్ల తర్వాత, 1848లో, బ్రదరన్ సమాజం సరిగ్గా అక్కడే రెండుగా చీలింది. మా డెల్టా సంఘాలు గ్రోవ్స్ వైపున, తలుపు తెరిచి ఉంచే వైపున నిలిచాయి. డార్బీ కాలపటమూ గ్రోవ్స్ మెత్తని మనసూ మాకు ఒకే ఓడలో వచ్చాయన్నమాట. నాకు మిగిలిన వారసత్వం ఈ రెండూ.

ఇక బౌడెన్, బీర్ దిగిన నేల. దానికి మూడేళ్ల ముందే నందన కరువు వచ్చి వెళ్లింది. జనం డొక్కల కరువు అని పిలుచుకున్నది అదే. గుంటూరు ప్రాంతంలో మూడో వంతు జనం పోయారని లెక్కలు. గోదావరి పక్కనే పారుతున్నా చేలు ఎండే రోజులవి. మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో తిండికి ముందూ లేదు, తర్వాతా లేదు. ఆ పల్లెల్లోకి ఒక రాళ్ల మేస్త్రి, ఒక చెప్పులు కుట్టేవాడు వెళ్లి, ఈ లోకపు ఏర్పాటు శాశ్వతం కాదు, దీన్ని తిరగేసేవాడు ఏ రాత్రైనా రావచ్చు అని చెప్పారు. విన్నవాళ్లకు అందులో భయపడాల్సింది ఏముంది?

మా నాయనమ్మ ఆ పల్లె మనిషి. ఊడుపులకూ కోతలకూ వెళ్లేది. కూలి కింద కొలిచే వడ్లు తల కొట్టి కొలిచేవారని, అడిగితే మర్నాడు పనికి పిలిచేవారు కాదని చెప్పేది. ఆదివారం రొట్టె విరిచే ఆరాధనకు తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చునేది. ఊళ్లో ఆమె ముందు కూర్చోగలిగిన చోటు అదొక్కటే. రాత్రి పడుకునేముందు కాళ్లు కడుక్కునేది. ఎందుకంటే రాకడ రాత్రి రావచ్చు కదా అనేది. ఆమె నోట శ్రమల కాలం, క్రీస్తు విరోధి అన్న మాటలు పెద్దగా వినలేదు. ఆమె మాట్లాడింది లేవడం గురించి. కలరాలో పోయిన ఇద్దరు పిల్లలు లేస్తారు, వాళ్లలో చిన్నవాడు తనకంటే ముందు లేస్తాడు, ఎందుకంటే మృతులే ముందు లేవాలని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు. తల్లి ఆ వరుసను గట్టిగా పట్టుకుంది.

ఒకే బోధ. పైనుంచి జారుతున్నవాడి చేతిలో అది లోకం చెడిపోతోందన్న విలాపమైంది, అడుగున ఉన్నవాళ్ల చేతిలో లోకం మారబోతోందన్న వార్తైంది. ముగిసే లోకం ఎవరిదన్న దాన్ని బట్టి ఎదురుచూపు రుచి మారుతుంది. ఇన్నేళ్లలో నాకు తెలిసివచ్చింది ఇదే. దీన్ని మా సంఘాల్లో ఎవరైనా వేదిక మీద చెబితే వినాలని ఉంది.

లోకం రేపే ముగుస్తుందని నమ్మినవాళ్లు చేతులు ముడుచుకు కూర్చుంటారని ఒక ఆరోపణ ఉంది. అలా జరగనిదేం కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని లెక్కగట్టారు. కొందరు పంటలు కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. (మిల్లర్‌ది డార్బీ బోధ కాదు, తేదీ పెట్టడాన్ని డార్బీ ఒప్పుకోడు.) అసలు మొట్టమొదటి థెస్సలొనీక సంఘంలోనే కొందరు పని మానేస్తే, పని చేయనివాడికి తిండీ వద్దని పౌలు తన రెండో ఉత్తరంలో కోప్పడాల్సి వచ్చింది. కానీ డెల్టాలో జరిగింది వేరు. ఆ 1844లోనే ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్టకు పరిశీలనలు చేస్తున్నాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కు పూర్తయింది. అక్కడ కూడిన వేలాది కూలీల మధ్య బౌడెన్ సువార్త చెబుతూ తిరిగాడు, కాటన్ ఆయనకు ఆప్తుడు. రేపు లోకం ఉంటుందో లేదో తెలియదన్న మనిషి, వందేళ్లు నిలవాల్సిన రాతికట్టు పక్కన నిలబడి ఉన్నాడు! బీర్ 1853లో పోయాడు, బౌడెన్ 1876లో పోయాడు. ఇద్దరూ ఎత్తబడలేదు, మా మట్టిలోనే ఉన్నారు. వాళ్ల వెనక బడులు వచ్చాయి, కుష్ఠురోగుల ఆసుపత్రి వచ్చింది. ఎదురుచూపు వాళ్ల చేతులను కట్టేయలేదు.

మరి ఎక్కడ తేడా వచ్చింది? పటం దగ్గర అనుకుంటాను. నా చిన్నప్పుడు ఉజ్జీవ కూటాలకు వచ్చే బోధకులు పొడుగాటి గుడ్డపటం తెచ్చి పందిట్లో కట్టేవారు. ఒక కొసన ఏదెను తోట, మరో కొసన కొత్త యెరూషలేము, మధ్యలో యుగాలన్నీ గుండ్రాలు గుండ్రాలుగా. బెత్తంతో చూపిస్తూ, మనం ఇదిగో ఇక్కడున్నాం, ఇక వేలెడు దూరమే అనేవారు. ఆ పటం వెనక ఒక పుస్తకం ఉంది. 1909లో సి.ఐ. స్కోఫీల్డ్ అనే, ఒకప్పుడు న్యాయవాదిగా ఉన్న అమెరికా పాదిరి తయారుచేసిన బైబిలును ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. వాక్యం పైన, దాని కిందే, అదే పేజీలో, డార్బీ పద్ధతిలో వివరణలు. చదివేవారికి కొన్నాళ్లకు ఏది లేఖనమో ఏది స్కోఫీల్డో తెలియకుండా పోయింది. 1948 మే 14న ఇశ్రాయేలు దేశం ఏర్పడగానే ఆ వివరణలకు ఎక్కడలేని బలం వచ్చింది. 1970లో హాల్ లిండ్సే రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడై, సోవియట్ రష్యానూ యూరప్ ఉమ్మడి మార్కెట్టునూ ప్రవచనంలోకి లాక్కొచ్చింది. మనదాకా కరపత్రాలు వచ్చాయి. బార్‌కోడులో 666 ఉందన్నారు, బ్రస్సెల్స్‌లో మృగం పేరుతో ఒక కంప్యూటరు ఉందన్నారు. తర్వాత ఆధార్ వంతు వచ్చింది. మిజోరంలో కొందరు క్రైస్తవులు ఈ భయంతోనే ఆధార్ తీసుకోలేదు. కరోనా టీకాల్లో చిప్పు ఉందన్న వీడియోలు మా వాట్సాప్ గ్రూపులోనే ఎన్నోసార్లు తిరిగాయి. వాటిని నమ్మి టీకా వాయిదా వేసిన పెద్దవాళ్లు నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

ఇందులో నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. డార్బీ బోధ ప్రకారమే ఈ గుర్తుల వేట తప్పు. దానియేలు గ్రంథంలోని డెబ్భై వారాల్లో అరవై తొమ్మిది గడిచాక ప్రవచన గడియారం ఆగిపోయిందని, సంఘకాలం ఆ లెక్కలో లేని విరామమని, ఎత్తబడటానికి ముందు ఏ గుర్తూ రానక్కరలేదని, అందుకే ఏ క్షణమైనా అంటున్నామని ఆయన వాదన. గుర్తులన్నీ ఆ తర్వాతి ఏడేళ్లవి. గుర్తు అక్కర్లేదని నేర్పిన బోధ పేరిట ప్రతి భూకంపాన్నీ, ప్రతి ఎన్నికనూ, ప్రతి యుద్ధాన్నీ గుర్తుగా ఎత్తి చూపుతున్నారు. డార్బీ కఠినుడే కావచ్చు, కానీ ఆయన పత్రిక చూసి ప్రసంగం రాసుకోలేదు.

మన నేలలోనూ ఈ అలవాటుకు అనువు ఉంది. ఏ వింత జరిగినా బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు అనడం తెలుగువాళ్లందరి మాటే. కానీ పంచాంగం లెక్కన కలియుగం 4,32,000 ఏళ్లు, అందులో గడిచింది ఐదువేల పైచిలుకే. ఆ ముగింపు ఏ ఇంటి గుమ్మం దాకా రాదు. మాది మాత్రం ప్రతి రాత్రీ గుమ్మంలోనే ఉంటుంది. దాన్ని మోయడానికి చాలా నిబ్బరం కావాలి. ఆ నిబ్బరం ఉన్న పెద్దలూ మనకున్నారు. 1938లో బైబిల్ మిషను మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు రాకడను ఎక్కువగా పెండ్లికుమార్తె సిద్ధపాటుగా బోధించారు. హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్ గారి పరిశుద్ధ సమావేశాల్లో వేలమంది కుల భేదం లేకుండా ఒకే పందిట్లో బారులుగా కూర్చుని భోంచేసేవారు. రాబోయే రాజ్యంలో ఎలా కూర్చుంటామో ఇప్పుడే అలా కూర్చోవడం. నేను చూసిన రాకడ ప్రసంగాల్లో అంత గొప్పది మరొకటి లేదు, అందులో మాటలు లేకపోయినా.

ఇప్పుడు దూలపల్లి. మేం వచ్చినప్పుడు ఫారెస్టు అకాడమీ చెట్లు, వాటి చుట్టూ పొలాలు ఎక్కువగా కనిపించేవి. ఇప్పుడు మైసమ్మగూడ ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, కొంపల్లి దాకా అపార్టుమెంట్లు. గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన మాలాంటి కుటుంబాలు చాలా. చదువుకున్నాం, రిజర్వేషనో కష్టమో కలిసొచ్చి ఉద్యోగాలు చేశాం, ఫ్లాట్లు కొన్నాం. నాయనమ్మకు లేనిది మాకుంది: పోగొట్టుకోదగ్గ లోకం. అందుకేనేమో మా కూడికల్లో రాకడ మాట వస్తే గొంతులు మారతాయి. మా పిల్లలు ఎత్తబడతారా, విడవబడతారా? ఇప్పటి యుద్ధాలు ఎంతదాకా పోతాయి? ప్రభువు రావడం కంటే ముందు ఏం జరుగుతుందన్నదే పెద్ద ప్రశ్న అయిపోయింది. మేం అడుగుతున్నది ఒక రకమైన బీమా.

అదే రోడ్డులో, జీడిమెట్ల వైపు, రేకుల షెడ్డులో ఒక ప్రార్థన మందిరం ఉంది. ఫ్యాక్టరీ కూలీలు, భవనాల పనికి వచ్చిన పాలమూరు, శ్రీకాకుళం వాళ్లు ఆదివారం అక్కడ కూడుకుంటారు. ఎండాకాలంలో లోపల కూర్చోలేం. నేను అప్పుడప్పుడు వెళ్తుంటాను. ఒకసారి, రాకడ అంటే నీకు భయం వేయదా అని పాలమూరు నుంచి వచ్చిన ఒక కూలీ ఆమెను అడిగాను. ఆమె వింతగా చూసింది. "భయమెందుకు టీచరమ్మా? ఆయనొస్తే మా మేస్త్రి లెక్కలు గూడ సూస్తడు గద," అంది. మా నాయనమ్మ వడ్ల కొలత నాకు గుర్తొచ్చింది. స్కోఫీల్డు పేరు వినని ఆమె, ప్రకటన గ్రంథం మొదట ఎవరి కోసం రాశారో వాళ్లకు మాకంటే దగ్గరగా ఉంది. రోము సామ్రాజ్యం కింద నలిగిన చిన్న సంఘాల కోసం రాసిన గ్రంథం అది.

అందుకే యెరూషలేము విషయంలో మేం ఎక్కడ నిలబడ్డామో చూసుకోవాలంటాను. తెలుగు క్రైస్తవులకు ఇశ్రాయేలు దేశం మీద ప్రేమ లోతైనది. పరిశుద్ధ దేశ యాత్రకు ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టేవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆ యాత్ర సాయాన్ని తక్కువ ఆదాయం వారికి 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలైతే బాప్టిస్టు సంఘం నుంచి బయటికి వచ్చి, తామే ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రం వారమని యూదు మతాన్ని ఆచరిస్తున్నాయి. ఆ ప్రేమను నేను కాదనను. కానీ ఆ గుడ్డపటంలో ఇశ్రాయేలీయులకు ఏం రాసి ఉందో చాలామంది చివరిదాకా చదవరు. జెకర్యా గ్రంథంలో ఒక వచనాన్ని పట్టుకుని, శ్రమల కాలంలో వాళ్లలో మూడింట రెండు వంతుల మంది చస్తారని ఆ బోధకులే చెబుతారు. ఒక జాతిని ప్రేమిస్తున్నామంటూ దాని వధ కోసం కాలపటం చూస్తూ కూర్చోవడం ప్రేమ ఎలా అవుతుంది?

అవతలి వైపు సంగతి మరీ దుఃఖం. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైన వారంలోనే మా ఫోన్లకు ప్రసంగాలు వచ్చిపడ్డాయి, అన్నీ గుర్తుల గురించే. ఆ నెల 19న గాజాలో సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ఆవరణ మీద బాంబు పడింది. ప్రపంచంలోని అతి పాత చర్చిల్లో అది ఒకటి. అక్కడ తలదాచుకున్న క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలతో సహా పలువురు చనిపోయారు. వాళ్లూ మనలాగే రొట్టె విరిచేవాళ్లు, రాకడ కోసం చూసేవాళ్లు. మా బోధకుల పటంలో వాళ్లకు గడి లేదు. యుద్ధం మొదలైన అక్టోబరు 7న ఇళ్లలో చంపబడిన యూదు కుటుంబాలకూ మనుషులుగా గడి లేదు. వాళ్లంతా గుర్తులు. మా నాయనమ్మ పోగొట్టుకున్న చిన్నవాడిని ఎవరైనా గుర్తు అని ఉంటే ఆమె వాళ్ల ముఖం చూసేది కాదు.

వచ్చే నెల కూడిక మా ఇంట్లో. వాక్యం ఎవరు చెప్పాలన్నది ఇంటివాళ్ల ఇష్టం కాబట్టి, ఈసారి పటాల బోధకుణ్ణి పిలవడం లేదు. థెస్సలొనీకయులకు రాసిన రెండు ఉత్తరాలూ మొదటినుంచీ చివరిదాకా చదివిద్దామనుకుంటున్నాను. చిన్నవే, గంటలోపు అయిపోతాయి. రేకుల షెడ్డు వాళ్లనూ రమ్మన్నాను. భోజనాలు కింద చాపల మీదే, అందరికీ ఒకే బారు. విన్నపాల వేళ వీసాల కంటే ముందు గాజాలో ఆ చర్చి కోసం, పాలమూరు ఆమెకు మేస్త్రి ఎగ్గొట్టిన కూలి కోసం ప్రార్థన చేయిస్తాను. కొందరు నొచ్చుకుంటారని తెలుసు. మా వదినగారు అప్పుడే ఫోన్ చేసి, ఇంటి కూడికలో రాజకీయాలెందుకమ్మా అన్నారు. రండి వదినా, వచ్చాక మాట్లాడుకుందాం అన్నాను.